ఎయిర్‌పోర్ట్ రిస్క్ మేనేజ్‌మెంట్: డిప్లొమా చేస్తే ఆ ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (ఎంపీసీ) ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆరు నెలల ‘ఎయిర్‌పోర్ట్ రిస్క్ మేనేజ్‌మెంట్’ డిప్లొమా చేస్తే ప్రభుత్వ విమానాశ్రయాల్లో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం వస్తుందని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. ఫీజు రెండు లక్షలు. కట్టమంటారా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే కట్టకండమ్మా. ఆ పని నిజంగానే ఉంది, మంచి పని కూడా. కానీ అందులోకి వెళ్లే దారి అది కాదు.

మీ మధురపూడి విమానాశ్రయాన్నే తీసుకోండి. అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (ఏఏఐ) నడిపేది. వానలు పడగానే రన్‌వే పక్కన గడ్డి పెరుగుతుంది, పురుగులు చేరతాయి, వాటి కోసం పిట్టలు దిగుతాయి. ఒక్క గద్ద ఇంజిన్‌లోకి వెళ్లినా టెన్షనే. పిట్టల్ని తోలడానికి బాణసంచా కాల్చే మనిషిని పెడితే సరిపోదు. గడ్డి ఎంత ఎత్తులో కత్తిరించాలి, నీరు ఎక్కడ నిలుస్తోంది, ఊళ్లో మాంసం వ్యర్థాలు ఎక్కడ పడేస్తున్నారు, ఇవన్నీ చూడాలి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్లలో పక్షులు చేరేలా జంతువుల్ని కోయడం, చెత్త వేయడం చట్టం ఒప్పుకోదు. అంటే పంచాయతీ వాళ్లతో, మాంసం కొట్ల వాళ్లతో మాట్లాడి ఒప్పించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. ఈ సంగతి ఏ బ్రోచర్‌లోనూ రాయరు!

ఇలా కనిపెట్టిన ప్రతి ప్రమాదానికీ ఒక గ్రేడు వేస్తారు. జరిగే అవకాశానికి 1 నుంచి 5 వరకు అంకె, జరిగితే నష్టం ఎంతో చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఏ (A) నుంచి ఈ (E) వరకు అక్షరం. 5ఏ అంటే తరచూ జరిగేది, జరిగితే ఘోరమైనది. అలాంటిదాన్ని వదిలేసి పని నడపడానికి వీల్లేదు. పట్టిక నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఏది 2, ఏది 4 అన్నది తేల్చడానికే అనుభవం కావాలి.

కొన్ని లెక్కలు మరీ కష్టం. మంగళూరులో 2010లో, కోళికోడ్‌లో 2020లో విమానాలు రన్‌వే దాటి లోయలోకి వెళ్లాయి. మొదటిదాంట్లో 158 మంది, రెండోదాంట్లో 21 మంది చనిపోయారు. రెండూ కొండ మీద చదును చేసి కట్టిన టేబుల్‌టాప్ రన్‌వేలే. పైలట్ పొరపాటు ఒక ఎత్తు. రన్‌వే చివర ఎంత ఖాళీ స్థలం వదిలారన్నది ఇంకో ఎత్తు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం కనీసం 90 మీటర్లు ఉండాలి, 240 ఉంటే మంచిదంటారు. చుట్టూ లోయ ఉంటే ఆ స్థలం ఎక్కడి నుంచి వస్తుంది? రన్‌వేనే కుదించాలి, లేదా భూమి సేకరించి మట్టి నింపాలి. కుదిస్తే పెద్ద విమానాలు దిగడం కష్టం. సేకరిస్తే ఇళ్లు పోయేవాళ్లుంటారు. అందరికీ నచ్చే జవాబు ఉండదు.

అందుకే సేఫ్టీ విభాగాల్లో సాధారణంగా ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్), ఆపరేషన్స్, ఇంజినీరింగ్‌లలో కొన్నేళ్లు పనిచేసినవాళ్లే కనిపిస్తారు. మీ అమ్మాయికి దగ్గర దారి ఏఏఐ జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పరీక్ష. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు రాయొచ్చు. ఆన్‌లైన్ పరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్, మెడికల్ ఉంటాయి. స్కేల్ 40,000తో మొదలవుతుంది, డీఏ వగైరా అదనం. వయసు పరిమితి 27 ఏళ్లు, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటుంది. నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో వస్తుందనుకోవద్దు. ఎయిర్‌పోర్ట్ ఆపరేషన్స్ పోస్టుకైతే బీఎస్సీ మీద రెండేళ్ల ఎంబీఏ గానీ, ఇంజినీరింగ్ డిగ్రీ గానీ అడుగుతారు. దాంతోపాటు కారు డ్రైవింగ్ లైసెన్స్ కూడా. నవ్వకండి, ఎయిర్‌సైడ్‌లో, అంటే విమానాలు తిరిగే లోపలి భాగంలో జీపు నడపాలి.

ప్రైవేటు వైపు శంషాబాద్ లాంటి చోట్ల ర్యాంప్ పనితో (విమానాలు ఆగే చోట చేసే పనితో) మొదలుపెట్టి పైకి వెళ్లినవాళ్లున్నారు. జీతం మొదట్లో తక్కువే.

రాత్రి డ్యూటీల గురించి మాత్రం ముందే అమ్మాయితో మాట్లాడండి. ఇంట్లో వాళ్లు ఒప్పుకోవడం వేరు, తన ఒళ్లు తట్టుకోవడం వేరు. ఇంకొకటి చూడండి. ఏదైనా తప్పు జరిగితే ఆ అమ్మాయి దాచేస్తుందా, చెప్పేస్తుందా? ఈ రంగంలో తన పొరపాటును తానే రాసిచ్చే అలవాటు ఉన్నవాళ్లకే విలువ.

ఇంతా విన్నాక కూడా ఫీజు కట్టాలనిపిస్తే, ఏఏఐ పాత నోటిఫికేషన్ ఒకటి ప్రింట్ తీసుకుని ఆ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లండి. అర్హతల్లో వాళ్ల డిప్లొమా పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి.