అపాత్రదానమా, తోడుదొంగతనమా?

సందేహం: శ్రీలంక యుద్ధం మీద ఒక అనువాద వ్యాసం చదివాను. అందులో ‘యుద్ధ అత్యాచారాల ఆరోపణలున్న ప్రభుత్వానికి విదేశాలు సహాయం చేయడం అపాత్రదానమే’ అని ఉంది. డిగ్రీ చదివే మా అబ్బాయి, ‘వ్యాసమంతా బాంబుల గురించి రాసి మధ్యలో అత్యాచారాలంటాడేమిటి?’ అన్నాడు. నాకేమో అపాత్రదానం దగ్గర చిన్న ముల్లు గుచ్చుకుంది. పుచ్చుకున్నది ప్రభుత్వమే అయినా ఆకలితో ఉన్నది జనం కదా! ఈ వాక్యం సరైనదేనా? అన్నట్టు, సాయం ఒప్పా, సహాయం ఒప్పా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే. అలాగని రాసినవారు తెలుగు రాక రాశారని అనలేం. అతి + ఆచారం, యణాదేశ సంధి. హద్దు మీరిన నడత ఏదైనా అత్యాచారమే. హిందీలో ఆ మాటకు ఇప్పటికీ ఈ విశాలమైన అర్థమే ఉంది. మన దగ్గర కూడా 1989 నాటి చట్టాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అంటున్నాం. కులం పేరుతో తిట్టడం, భూమి లాక్కోవడం కూడా అందులో నేరాలే. అయితే ఊళ్లో ఎవరూ అత్యాచారం కేసు అనరు, ‘అట్రాసిటీ కేసు’ అంటారు. ఎందుకంటే ఈలోగా పత్రికలు మానభంగం, చెరచడం అనే మాటలను పక్కనబెట్టి, ఆ పనంతా అత్యాచారం నెత్తిన పెట్టాయి. జనం మాటకు అర్థం ఇలా స్థిరపడిపోయాక నిఘంటువు తెరిచి వాదించి లాభం లేదు.

ఈ సందర్భంలో మాత్రం అది వాదనతో పోయే చిక్కు కాదు. ఆ యుద్ధం చివరిదశలో, 2009 మొదటి అయిదు నెలల్లో, ఈశాన్యాన ముల్లివాయ్కాల్ తీరం దాకా నెట్టుకొచ్చిన జనం మీద ఏం జరిగిందో ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల బృందం 2011లో చెప్పింది. ప్రభుత్వం తానే ‘ఇక్కడ కాల్పులుండవు’ అని ప్రకటించిన ప్రాంతాల మీద, ఆస్పత్రుల మీద ఫిరంగి గుండ్లు పడ్డాయన్న ఆరోపణలు నమ్మదగ్గవేనంది. ప్రభుత్వంతో పోరాడుతున్న తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ జనాన్ని అడ్డం పెట్టుకుందనీ, పారిపోబోయినవాళ్లను కాల్చిందనీ కూడా అంది. 40,000 మంది వరకు పౌరులు చనిపోయి ఉండవచ్చన్న అంచనాను తోసిపుచ్చలేమంది. ‘అత్యాచారాలు’ అని రాస్తే ఇవాళ్టి పాఠకుడికి ఆ ఆస్పత్రి కనబడదు. ఆడవాళ్ల మీద జరిగినవీ ఉన్నాయి. వాటి కోసం ఆ మాటను అట్టే పెట్టి, మొత్తానికి కలిపి దురాగతాలు, అకృత్యాలు అనండి. నన్నడిగితే ‘ఘోరాలు’ చాలు. ‘యుద్ధ నేరాలు’ అనేది చట్టం మాట. దాని పక్కన ‘ఆరోపణ’ ఉందో, ‘రుజువు’ ఉందో చూసి మరీ వాడాలి.

ఇక అపాత్రదానం. పాత్ర అంటే గిన్నె, పుచ్చుకోవడానికి తగినవాడు కూడా. దేశకాలపాత్రాలు చూసి ఇవ్వాలని పెద్దలు అన్నది అందుకే. అంతవరకు బాగానే ఉంది కానీ, ముందు అది దానమై ఉండాలి కదా. యుద్ధం ముగిసిన రెండు నెలలకు, 2009 జులైలో, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) శ్రీలంకకు 260 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అప్పటికి రెండున్నర లక్షల మందికి పైగా తమిళులు ముళ్లకంచెల వెనక శిబిరాల్లో ఉన్నారు. ఆ డబ్బు దానం కాదు, వడ్డీతో తీర్చాల్సిన అప్పు. యూరోపియన్ యూనియన్ 2010 ఆగస్టులో వెనక్కి తీసుకున్నదీ దానం కాదు, సుంకాల రాయితీ. మానవ హక్కుల ఒప్పందాలు సరిగ్గా అమలు కావడం లేదని తీసేశారు, 2017లో మళ్లీ ఇచ్చారు. ఆ దెబ్బ పాలకులకు ఎంత తగిలిందో, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆడపిల్లకు ఎంత తగిలిందో అన్నది వేరే లెక్క. అప్పు, రాయితీ, గ్రాంటు అన్నిటినీ ‘సాయం’ అనే ఒకే సంచిలో పడేయడం మన పత్రికల అలవాటు.

ఆ పాపంలో నాకూ వాటా ఉంది. పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో ఒక రాత్రి సింగిల్ కాలమ్‌లో పట్టడం లేదని ‘లంకకు సాయం’ అని శీర్షిక పెట్టాను. మర్నాడు పొద్దున్నే కోనసీమ మిత్రుడు ఫోన్ చేసి, ‘ఏ లంకకండీ? మా లంకకు పైసా రాలేదే!’ అన్నాడు. గోదావరి పాయల మధ్య ఉన్నవాళ్లకు లంకంటే అదే మరి. నవ్వుకున్నాం కానీ, ఆయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. ‘కు’ ప్రత్యయం పెట్టేసి చేతులు దులుపుకుంటే ఎవరికిచ్చారో తేలదు. మీకు గుచ్చుకున్న ముల్లు కూడా అక్కడే ఉంది.

తెలుగులో ‘ప్రభుత్వానికి’ ఇవ్వడం వేరు, ‘ప్రభుత్వం ద్వారా’ ఇవ్వడం వేరు, ‘ప్రజల కోసం’ ఇవ్వడం వేరు. ప్రకటనల్లో ఎప్పుడూ ‘కోసం’ ఉంటుంది, చెక్కు మీద ‘కు’ ఉంటుంది. భారత్ ఆ దేశంలో ఇళ్లు కట్టించిన పద్ధతి చూడండి. 50,000 ఇళ్ల పథకంలో మొదట వెయ్యి ఇళ్లు కాంట్రాక్టర్లతో కట్టించారు. 2012 అక్టోబరు నుంచి ఎక్కువ భాగం లబ్ధిదారులే కట్టుకునేలా మార్చి, పని సాగేకొద్దీ విడతలుగా డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాలోనే వేశారు. పునాది, గోడలు, కప్పు చూసి తర్వాతి విడత. ఇక్కడ ‘కు’ ఆ ఇంటావిడదే. దీన్నీ, ఖజానాకు వెళ్లిన అప్పునూ కలిపి అపాత్రదానం అంటే ఇల్లు కట్టుకున్న ఆవిడను అవమానించినట్టే.

ఈ మాటతో నాకున్న పేచీ ఇంకొకటుంది. అపాత్రదానంలో తప్పంతా పుచ్చుకున్నవాడిదే. ఇచ్చినవాడు మహా అయితే అమాయకుడు. సహాయం అలా కాదు. సంస్కృతంలో సహాయుడంటే వెంట నడిచేవాడు. మన ‘తోడు’ కూడా అంతే. దానిలోంచే తోడ్పాటు వచ్చింది, తోడుదొంగా వచ్చాడు. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో ఖరారు చేసిన సూత్రాల్లో 16వది ఈ ఇద్దరి మధ్యే గీత గీస్తుంది: ఒక దేశం చేసే తప్పుకు మరో దేశం తెలిసి తోడ్పడితే దానికీ బాధ్యత ఉంటుంది. బరువంతా ‘తెలిసి’ మీదే. 1995లో బోస్నియాలో జరిగిన స్రెబ్రెనిత్సా మారణకాండ కేసులో 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం సెర్బియాను నరమేధంలో భాగస్వామి అనలేదు. అక్కడి సెర్బు సైన్యానికి తానిచ్చిన సాయం అందుకు వాడతారని దానికి స్పష్టంగా తెలుసని రుజువు కాలేదంది. ఆపడానికి ప్రయత్నించకపోవడం మాత్రం తప్పేనంది.

ఇక్కడ మన భాష కోర్టు కంటే సూక్ష్మంగా ఉంది. ‘తెలియక ఇచ్చారు’, ‘తెలిసీ ఇచ్చారు’, ‘తెలిసే ఇచ్చారు’. రెండోదానిలో మొహమాటమో అవసరమో ఉంది. మూడోదానిలో ఉద్దేశం ఉంది. ఒక్క దీర్ఘం మారితే ముద్దాయి మారిపోతాడు. అనువాదకులు ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా అపాత్రదానం వెనక దాక్కున్నారనిపిస్తోంది.

నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: ‘యుద్ధంలో ఘోరాలు చేయించిందన్న ఆరోపణలున్న ప్రభుత్వానికి, ఆ సంగతి తెలిసీ అప్పులివ్వడం ఆ ఘోరాలకు తోడు పోవడమే.’ కొంచెం పొడుగే. సింగిల్ కాలమ్‌లో పట్టదు.

సాయం, సహాయం రెండూ ఒప్పే. సహాయానికి వికృతి సాయం. సాయంత్రంలో ఉన్న సాయం మాత్రం వేరే, దానికీ దీనికీ చుట్టరికం లేదు.