జడ్జిగారి మీద ఫిర్యాదు చేస్తే నన్నే లోపల వేస్తారా?

ప్రశ్న: మా భూమి తగాదా మీద హైకోర్టులో సెకండ్ అప్పీలు నడిచింది. వాదనలు పూర్తయ్యాక తీర్పు రిజర్వు చేసి, ఎనిమిది నెలల తర్వాత మాకు వ్యతిరేకంగా చెప్పారు. అవతలి పార్టీ వకీలు, జడ్జిగారు ఒకప్పుడు ఒకే సీనియర్ దగ్గర పనిచేశారని ఇప్పుడు తెలిసింది. ఫిర్యాదు చేద్దామంటే, ‘జడ్జీలను జడ్జీలే పెట్టుకుంటారు, వాళ్లను అడిగేవాళ్లు లేరు, పైగా నిన్నే లోపల వేస్తారు’ అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ముందు గడువు చూసుకోండి. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్) వేయడానికి తీర్పు తేదీ నుంచి 90 రోజులే ఉంటాయి. తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులను మినహాయిస్తారు. జడ్జిగారి మీద ఫిర్యాదు పెట్టినంత మాత్రాన ఈ గడువు ఆగదు. రేపు ఆ ఫిర్యాదు నిజమని తేలినా మీ భూమి తీర్పు దానంతటదే రద్దు కాదు. కోపంలో ఈ రెంటినీ కలిపేసి, అర్జీలు రాస్తూ గడువు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఎనిమిది నెలల ఆలస్యం చిన్న విషయమేమీ కాదు. రిజర్వు చేసిన తీర్పు మూడు నెలల్లో రాకపోతే త్వరగా ఇవ్వమని కక్షిదారు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, ఆరు నెలలు దాటితే కేసును వేరే బెంచికి మార్చి మళ్లీ వాదనలు వినమని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని కోరవచ్చనీ 2001లో అనిల్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వకీలు అప్పుడే ఆ దరఖాస్తు వేసి ఉండాల్సింది. ఇప్పుడు ఆలస్యం ఒక్కటే చూపిస్తే సరిపోదు. మీరు వినిపించిన ఏ వాదన, ఏ డాక్యుమెంటు తీర్పులో అసలు ప్రస్తావనకే రాలేదో చూపించాలి. అప్పుడు ఆలస్యానికి బలం వస్తుంది.

ఒకే సీనియర్ దగ్గర పనిచేశారన్నది మాత్రం నిలబడదు. మన బార్‌లో ఎవరో ఒకరి జూనియర్ కాని జడ్జి ఎక్కడున్నారు? జడ్జిగారు గతంలో ఇదే కేసులో వకాల్తా వేసి ఉంటేనో, దగ్గరి బంధుత్వమో ఆ భూమిలో స్వార్థమో ఉంటేనో వేరే మాట. అలాంటి ఆధారం ఉంటే పిటిషన్‌లోనే పెట్టండి.

ఇక జైలు భయం. కింది కోర్టు జడ్జి మీద సదుద్దేశంతో హైకోర్టుకు ఫిర్యాదు చేస్తే అది ధిక్కరణ కాదని 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం సెక్షన్ 6 స్పష్టంగా చెబుతుంది. హైకోర్టు జడ్జి విషయంలో అంత స్పష్టమైన రక్షణ చట్టంలో లేదు. అందుకే ఫిర్యాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికో, భారత ప్రధాన న్యాయమూర్తికో మాత్రమే పంపాలి. తిట్లు వద్దు, ఆధారం కావాలి. దాని కాపీ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారంటే మీవాళ్లు చెప్పిన జైలు భయం నిజంగానే మొదలవుతుంది.

ఫిర్యాదు చేరాక ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. సుప్రీంకోర్టు 1999లో పెట్టుకున్న అంతర్గత విచారణ పద్ధతి ఒకటుంది. ముందు జడ్జి వివరణ తీసుకుంటారు. విషయం తీవ్రమైతే ముగ్గురు జడ్జీల కమిటీ వేస్తారు. ఆరోపణ గట్టిదని తేలితే రాజీనామా చేయమంటారు, వినకపోతే కేసులు అప్పగించడం ఆపి రాష్ట్రపతికి, ప్రధానికి రాస్తారు. అయితే ఇదంతా గోప్యం. 2020 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి జస్టిస్ ఎన్.వి. రమణ మీద భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. అంతర్గత పద్ధతిలో పరిశీలించి తోసిపుచ్చామని 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఒక చిన్న ప్రకటన ఇచ్చింది, వివరాలు గోప్యమంది. ముఖ్యమంత్రికే దక్కని వివరాలు మీకు అందుతాయని ఆశ పెట్టుకోవద్దు.

‘జడ్జీలను జడ్జీలే పెట్టుకుంటారు’ అన్నది చాలావరకు నిజమే. కానీ అదెందుకు వచ్చిందో మరచిపోతుంటాం. 1973లో ముగ్గురు సీనియర్లను పక్కన పెట్టి జస్టిస్ ఏ.ఎన్. రేను ఇందిరాగాంధీ ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఎమర్జెన్సీలో జడ్జీలను ఇష్టమొచ్చినట్టు బదిలీ చేసింది. వాళ్లలో గుజరాత్ జడ్జి సంకల్‌చంద్ సేఠ్‌ను ఆయన సమ్మతి లేకుండా పంపింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకే. ఆయన దాని మీద కోర్టుకెక్కారు. ఆ అనుభవంతోనే 1993, 1998 తీర్పుల్లో సుప్రీంకోర్టు ఎంపిక అధికారాన్ని సీనియర్ జడ్జీల కొలీజియం చేతికి తెచ్చుకుంది. కొలీజియం పంపిన పేరును ప్రభుత్వం వెనక్కి పంపవచ్చు. కొలీజియం మళ్లీ అదే పేరు పంపితే నియమించాలి. కాకపోతే ఫైలును ఏళ్ల తరబడి పక్కన పెట్టడం ప్రభుత్వానికి అలవాటైపోయింది.

దీని బదులు పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4–1తో కొట్టేసింది. ఒప్పుకోని ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్. కొలీజియం పనితీరు బయటికి తెలియదన్నది ఆయన అభ్యంతరం. మరుసటి ఏడాది సమావేశాలకు వెళ్లడమే మానేశారు. 2017 అక్టోబరు నుంచి తీర్మానాలు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, కానీ ఒక్కోసారి పేర్లు తప్ప కారణాలుండవు. 2018 డిసెంబరు సమావేశం వివరాలు సమాచార హక్కు కింద అడిగితే, సంతకాలైన తుది తీర్మానమే లెక్క అని 2022లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ప్రభుత్వం చేతికి ఎంపిక మళ్లీ వెళ్లకూడదనే నేనూ అంటాను. కానీ ఒక వకీలును జడ్జిగా ఎందుకు తీసుకున్నారో, మరొకరిని ఎందుకు వద్దన్నారో జనానికి చెబితే స్వతంత్రతకు వచ్చే నష్టం నాకు కనిపించదు.

తీసేసే అధికారం మాత్రం జడ్జీల చేతిలో లేదు, పార్లమెంటుదే. 100 మంది లోక్‌సభ సభ్యులో, 50 మంది రాజ్యసభ సభ్యులో సంతకం పెట్టాలి, విచారణ కమిటీ తప్పు తేల్చాలి, ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ (మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో కనీసం మూడింట రెండొంతులు) రావాలి. జస్టిస్ వి. రామస్వామి మీద కమిటీ తప్పు తేల్చినా, 1993లో కాంగ్రెస్ సభ్యులు ఓటింగ్‌కు దూరంగా ఉండటంతో తీర్మానం వీగిపోయింది. 2011లో రాజ్యసభ తీర్మానం ఆమోదించాక, లోక్‌సభ దాకా రాకముందే జస్టిస్ సౌమిత్ర సేన్ రాజీనామా చేశారు.

అందుకని మీరు ఈ వారమే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. సుప్రీంకోర్టులో వకీలుతో పిటిషన్ వేయించాలంటే అక్కడి అడ్వకేట్ ఆన్ రికార్డ్ (ఆ కోర్టులో కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న వకీలు) ద్వారానే వేయాలి. ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉంటే సుప్రీంకోర్టు న్యాయ సేవల కమిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. ఫిర్యాదు రాయాలనే ఉంటే పిటిషన్ నంబరు పడ్డాక రాయండి, దానికి 90 రోజుల గడువు లేదు.