చివరి రాత్రి నెల్లూరులో ఆగండి

అబ్బయ్యా,

కన్యాకుమారిలో మీ ఆరుగురూ బండ్ల ముందు నిలబడి దిగిన ఫోటో మీ అత్తయ్యకి కూడా చూపించాను. ముఖాలు ఎండకి నల్లబడినా కళ్లు మెరుస్తున్నాయి. వయనాడు వానలో తడిసి, మున్నార్ ఘాట్లు ఎక్కి దిగి, ఇంత దూరం ఒక్క దెబ్బ తగలకుండా వచ్చారంటే మీకు బండి నడపడం బాగా తెలుసు. నాకు చెప్పాల్సిందల్లా ఇంటికి తిరిగొచ్చే ఈ నాలుగైదు రోజుల గురించే. రాత్రి గదిలో తీరిగ్గా చదివి, మిగతా ఐదుగురికీ వినిపించు.

పుదుచ్చేరిలో పొద్దున బయల్దేరి రాత్రికల్లా ఒంగోలు చేరిపోతామని మెసేజ్ పెట్టావు. దగ్గర దగ్గర 450 కిలోమీటర్లు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. మేమూ అచ్చం అదే చేశాం.

1996లో సంక్రాంతి దాటాక ఏడుగురం, ఐదు బండ్ల మీద ఒంగోలు నుంచి కన్యాకుమారి వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు మద్రాసులో పడుకుని రావాలన్నది మా ఏర్పాటు. ఇంకెంత, ఇల్లు వచ్చేసిందిలే అనిపించి ఎవరికీ ఆగబుద్ధి కాలేదు. నెల్లూరులో టీ తాగేసరికి రాత్రి ఎనిమిదైంది. ఇక్కణ్నుంచి తెలిసిన రోడ్డే కదా, ఎవరి వేగాన వాళ్లు పోదాం అనుకున్నాం. అప్పట్లో అది హైవే 5. రెండు వరుసల రోడ్డు, ఎదురొచ్చే లారీల లైట్లు కళ్లలో పొడిచేవి. నేను పదకొండింటికి ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని నిద్రపోయాను. ఆ సమయానికి మాలో ఒంటరిగా వస్తున్నవాళ్లలో ఒకడు కావలి దాటాక తెట్టు దగ్గర రోడ్డు పక్క గుంటలో, తొడ ఎముక విరిగి పడి ఉన్నాడు. ముందు పోయినవాళ్లు వాడు వెనక వస్తున్నాడనుకున్నారు. వెనకవాళ్లు ముందే పోయాడనుకున్నారు. తెల్లవారుజామున ఒక పాల వ్యాను డ్రైవరు చూసి కావలి ఆస్పత్రికి చేర్చాడు. వాడు ఇప్పటికీ మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటాడు. వాణ్ని చూసినప్పుడల్లా నాకు ఆ టీ కొట్టే గుర్తొస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి, కావలిలో ఒకసారి, సింగరాయకొండలో ఒకసారి కలుద్దాం, అందరూ వచ్చాకే కదులుదాం అనుకుని ఉంటే చాలు, ఆ రాత్రి వాడలా పడి ఉండేవాడు కాదు.

అలసట మీకు తెలియకుండానే ఒంట్లో చేరి ఉంటుంది. మన సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఉప్పు మాత్రం పోతూనే ఉంటుంది. వట్టి నీళ్లు ఎన్ని తాగినా చాలవు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు నీళ్లకని ఉంటే మొత్తం లీటరులోనే కలపండి, చిన్న బాటిల్లో సగం పొడి చల్లుకుని తాగొద్దు. పొద్దున్నుంచీ మూత్రానికి వెళ్లనివాడు, ఎప్పుడూ వాగుతూ ఉండి ఉన్నట్టుండి మూగబోయినవాడు, ఇండికేటర్ వేసి ఆపడం మర్చిపోయి పోతున్నవాడు... వీళ్లలో ఎవరు కనిపించినా బండ్లన్నీ ఆపండి. "నాకేం కాలేదు" అంటాడు. వినొద్దు. చెట్టు నీడన అరగంట పడుకోబెట్టండి. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండింటి నుంచి నాలుగింటి దాకా ఎవరికైనా కన్ను మూతపడుతుంది, అప్పుడు అసలు బండి ఎక్కకండి.

రేపు కన్యాకుమారి దాటాక ఆరల్వాయిమొళి కనుమ దగ్గర, ముప్పందల్ చుట్టుపక్కల వేలకొద్దీ గాలిమరలు కనిపిస్తాయి. అక్కడ గాలి ఎలా కొడుతుందో ఆ మరలే చెబుతాయి. ఈ నెలల్లో అది మరీ ఎక్కువ. గాలి తోస్తోందని హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకుంటే బండి ఇంకా ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకుని అదిమి పట్టి, చేతులు వదులుగా ఉంచు. లారీని దాటేటప్పుడు కాసేపు గాలి ఆగుతుంది, దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. రామేశ్వరం వెళ్లే పాంబన్ వంతెన మీదా అంతే. ఫోటోల కోసం దాని మీద బండ్లు ఆపొద్దు.

ధనుష్కోడిలో 1964 తుఫానుకు కూలిన చర్చి గోడలు చూడండి, చివర అరిచల్మునై దాకా వెళ్లండి. అది చూడకుండా రావద్దనే నేనంటాను. కానీ అక్కణ్నుంచి వచ్చాక ఆ రాత్రే మంచినీళ్లతో బండి కడగాలి. కేరళ వానలకి చైన్ మీద నూనె ఎలాగూ పోయి ఉంటుంది, ఇప్పుడు ఉప్పూ ఇసుకా చేరితే చైన్ తిరిగే స్ప్రాకెట్ చక్రం పళ్లు అరుగుతాయి. ఆరాక చైన్‌కి లూబ్ కొట్టి, ఎంత సాగిందో చూడండి. ఘాట్లు దిగొచ్చాక బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయో మీరు చూసి ఉండరు. పుదుచ్చేరిలో ఒక పూట పెట్టుకుని ఒక మెకానిక్‌తో ఆరు బండ్లూ చూపించండి. "ఇంటికెళ్లి చూపిద్దాం" అనే మాట మీలో ఎవరూ అనకూడదు.

పుదుచ్చేరి నుంచి తిండివనం, చెంగల్పట్టు మీదుగా వచ్చి, చెన్నై ఊళ్లోకి దూరకుండా వండలూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోండి. తడ దాటి తెలుగు బోర్డులు కనిపించగానే మనసు అప్పుడే ఇంట్లోకి వెళ్లిపోతుంది. నాకు భయం అక్కడే. నాయుడుపేట దగ్గర తిరుపతి వైపు నుంచి బండ్లు కలుస్తాయి. వెంకటాచలం దగ్గర కృష్ణపట్నం పోర్టు లారీలు వరస కట్టి వస్తుంటాయి. మన దగ్గర మునిమాపు ఎంతోసేపు ఉండదు, సూర్యుడు దిగాక చూస్తుండగానే చీకటి పడిపోతుంది. ఇన్ని రోజుల దుమ్ముకి మీ హెల్మెట్ అద్దాల మీద గీతలు పడి ఉంటాయి, ఎదుటి లైటు వాటి మీద చెదిరి రోడ్డే కనిపించదు. నెల్లూరు దాటాక కోవూరు వైపు ఇప్పుడు ఎడగారు, అంటే రెండో పంట వరి కోతలు. సర్వీసు రోడ్ల మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి అవి కనపడవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, డివైడర్ సందుల్లోంచి ఎదురొచ్చే మోటార్‌సైకిళ్లు, ఇంటికి మళ్లే గేదెలు... ఇవన్నీ చిన్నప్పట్నుంచీ చూసినవే కాబట్టి మీరు జాగ్రత్త పడరు.

కాబట్టి చీకటి పడకముందే నెల్లూరు చేరి, వేదాయపాలెంలో మా ఇంట్లో పడుకోండి. ఆరుగురికీ మేడ మీద చాపలు, దోమతెరలు ఉన్నాయి. బండ్లు లోపల పెట్టుకోవచ్చు. పెట్రోలు, గదులు, తిండి లెక్కలన్నీ ఆ రాత్రే కూర్చుని తేల్చుకోండి. ఇల్లు చేరాక ఆ లెక్కలు తెగవు, రెండు వందల దగ్గర స్నేహాలు పాడవడం నేను చూశాను.

మిగిలింది 120 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే ఎండ ముదరకముందే ఒంగోలులో ఉంటారు. ముందు బండి నడిపేవాడూ చివరి బండి వాడూ ఇన్ని రోజులూ ఎలా ఉన్నారో అలాగే ఉండాలి. కావలిలో ఒకసారి, సింగరాయకొండలో ఒకసారి ఆగి తలలు లెక్కపెట్టుకోండి. మీలో ఇద్దరు టంగుటూరు దగ్గరే ఊళ్లోకి మళ్లిపోతారన్నావు కదా, వాళ్లు ఇల్లు చేరి ఫోన్ చేసేదాకా మిగతా నలుగురూ అక్కడే టీ తాగుతూ ఉండండి. మీ అమ్మకి మాత్రం ఎన్ని గంటలకి వస్తావో చెప్పొద్దు. ఆ టైముకి అందుకోవాలని బండి తోలతావు.

పుదుచ్చేరిలో బయల్దేరేటప్పుడు నాకో ఫోన్ చెయ్యి. అత్తయ్య ఆ మధ్యాహ్నమే చేపల పులుసు పెట్టేస్తానంది. ఈ నెలలో పచ్చిమామిడికాయ దొరకదు కాబట్టి వట్టి చింతపండుతోనే. రాత్రికి కొంచెమే వడ్డిస్తుందట. మిగతాది కుండలోనే ఊరనిచ్చి పొద్దున మీరు బండ్లెక్కే ముందు పెడుతుందట.

మీ మామయ్య