అమ్ములూ, ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టు

చి. అమ్ములుకి, పెదనాన్న ఆశీస్సులు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత నీళ్ల పంపు ఒకటి బేరమాడి కొన్నావనీ, దాంతో గదిలో చేపల తొట్టి పెడతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. చిన్న నలత చేస్తే చాలు పారేసి కొత్తది కొనే ఈ రోజుల్లో, పాతదాన్ని శుభ్రం చేసి తిప్పుకుందామనుకునే పిల్ల మన ఇంట్లో ఉంది. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. భీమవరంలో ఇన్నేళ్లు మోటార్లు చుట్టినవాణ్ణి, నీళ్లూ కరెంటూ కలిస్తే ఏమవుతుందో రొయ్యల చెరువుల గట్ల మీద చూసినవాణ్ణి. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

ముందు నీ చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకో. సంతలో అమ్మేవాడికి కూలర్ పంపూ, తొట్టి పంపూ ఒకటే. లోపలి పనితనం కూడా దాదాపు ఒకటే. కూలర్లో తిరిగిన దానికి మాత్రం మూతల సందుల్లో సున్నం గట్టిగా పేరుకుని ఉంటుంది. నీళ్లు పీల్చే జాలి రంధ్రాలు పెద్దవైతే స్పాంజి తొడగకుండా పెట్టకు, చిన్న చేపలు అతుక్కుపోతాయి. లేబుల్ చెరిగిపోయిందని వదిలేయకు. పంపు ఒంటిని తడిగుడ్డతో తుడిచి, చీకట్లో సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వెయ్యి. ప్లాస్టిక్‌లో పోతపోసిన అక్షరాలుంటే నీడ పడి కనిపిస్తాయి. 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటే మన కరెంటుది. 110 లేదా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే అమెరికా నుంచి ఎవరో తెచ్చుకున్నది. మన ప్లగ్గులో పెడితే కాయిల్ మాడిపోతుంది. 12 వోల్టుల డీసీ అని ఉంటే అడాప్టరు కావాలి. మనసులో మాట చెప్పమంటే, నీ చేతిలో ఉన్నది ఆ 12 వోల్టులదే కావాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

లేబుల్ మీద హెచ్-మ్యాక్స్, ఎఫ్-మ్యాక్స్ అని రెండు అంకెలు ఉంటాయి. హెచ్-మ్యాక్స్ 1.5 మీటర్లని ఉంటే అంత ఎత్తుకు నీళ్లు బాగా ఎక్కుతాయని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ ఎత్తులో ధార పూర్తిగా ఆగిపోతుంది. ఎఫ్-మ్యాక్స్‌లో చెప్పినన్ని లీటర్లు అసలు ఎత్తే లేనప్పటి లెక్క. అంకెల్ని నమ్మకుండా నువ్వే కొలుచుకో. నీకు కావలసిన ఎత్తులో పైపు పట్టి 10 లీటర్ల బకెట్ నింపు. నిమిషం పడితే గంటకు 600 లీటర్లు. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 56 లీటర్లే. దానికి గంటకు 250, 300 లీటర్లు చాలు. ఎక్కువైతే చేపలు ఎదురీదలేక అలసిపోతాయి. పైగా పంపు తినే కరెంటంతా చివరికి వేడిగా ఆ నీళ్లలోకే దిగుతుంది. మే నెలలో హైదరాబాద్ గదిలో ఆ వేడికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. కాబట్టి పెద్ద పంపు చవగ్గా దొరికిందని సంబరపడకు.

ఇక శుభ్రం చేయడం. పంపు ముందువైపు మూత తిప్పితే ఇంపెల్లర్, అంటే నీళ్లను తోసే రెక్కల చక్రం, బయటికొస్తుంది. లాగుతుంటే అయస్కాంతం వెనక్కి గుంజుతుంది, పరవాలేదు. దాని రెక్కలు అయస్కాంతం మీద కాస్త వదులుగా అటూ ఇటూ తిరుగుతాయి. విరిగిందనుకుని జిగురు పెట్టకు, అలా అతికించి పాడు చేసినవి నా షాపుకు చాలా వచ్చాయి. ఆ వదులు కావాలనే పెడతారు. ఇంత చిన్న మోటారు నీళ్ల బరువుతో ఒక్కసారిగా కదలలేదు, ముందు అయస్కాంతం ఊగి ఆ ఊపుతో రెక్కల్ని తోస్తుంది. మొదలయ్యేటప్పుడు ఏ వైపైనా తిరగొచ్చు కాబట్టే రెక్కలు వంపు లేకుండా నిటారుగా ఉంటాయి. ఇరుసు పింగాణీది అయితే పట్టుబట్టి వంచకు, పుటుక్కున విరుగుతుంది. చివర్లలో చిన్న రబ్బరు బుష్షులు ఉంటాయి. సింకులో కడిగితే గొట్టంలోకి పోతాయి, పళ్లెంలో పెట్టుకుని కడుగు. సున్నానికి తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోము. సబ్బు వద్దు. అయస్కాంతం ఉబ్బి పైపూత పగిలి ఉంటే ఇంపెల్లర్ మార్చాల్సిందే.

ఇక వైరు సంగతి. నాకు భయమంతా దాని గురించే. మీ నాన్న నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

అప్పటికి మీ అమ్మ ఇంకా మన ఇంటికి రాలేదు. వాడు డిగ్రీ చదువుతున్నాడు. హాల్లో తొట్టి పెట్టి గోల్డ్ ఫిష్‌లు పెంచాడు. ఎవరో వదిలేసిన పంపు ఒకటి తెచ్చుకున్నాడు. దాని వైరు ఎక్కడో కోసేసి ఉంది, జానెడే మిగిలింది. ఇంకో వైరు కలిపి, తీగలు మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, కొవ్వొత్తి మైనం కార్చాడు. జాయింటు నీళ్ల అడుగున పడింది. నేను షాపులో ఉండేవాణ్ణి, నాకు చూపించలేదు.

కొన్నాళ్లు బాగానే తిరిగింది. చేపలు హాయిగా ఈదుతున్నాయి కాబట్టి నీళ్లలో కరెంటు లేదనుకున్నాడు. అక్కడే మోసపోయాడు అమ్ములూ. గాజు తొట్టి, కింద చెక్క బల్ల. నీళ్లలోకి కరెంటు దిగినా నేలలోకి పోవడానికి దారి లేదు, అందుకే చేపలు తిరుగుతూనే ఉంటాయి. తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడిన మనిషి చెయ్యి పెట్టినప్పుడు దారి దొరుకుతుంది.

ఆ రోజు నీళ్లు మారుస్తూ పంపును పైకి తీద్దామని వైరు పట్టుకుని లాగాడు. స్విచ్చు వేసే ఉంది. గుప్పిట సరిగ్గా జాయింటు మీద పడింది. కరెంటు పట్టుకున్నాక గుప్పిట దానంతటదే బిగుసుకుంటుంది, విడవడం మన వశంలో ఉండదు. వాడికి గొంతు కూడా పెగల్లేదు. నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి, వాడి ముఖం చూసి, పట్టుకుని లాగబోయింది. నేను అప్పుడే భోజనానికి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. "అమ్మా, ముట్టుకోకు" అని అరిచి మెయిన్ దించేశాను. వాడు తొట్టి పక్కనే కుప్పకూలాడు. ఊపిరి తీస్తున్నాడో లేదో తెలియని ఆ కాసేపు నాయనమ్మ ఎలా ఉందో రాయలేను.

ఫ్యూజు ఎగరనే లేదు. ఫ్యూజు ఉన్నది వైరు మాడిపోకుండా చూడటానికి. 5 ఆంపియర్ల ఫ్యూజుకి ఒక మనిషి ప్రాణం తీసే కరెంటు లెక్కలోకే రాదు. మీ నాన్న కుడి అరచేతిలో, చూపుడు వేలు మొదట్లో మచ్చ ఉంది చూశావా? నువ్వడిగితే సైకిల్ చైను అని చెప్పాడు. చిన్నప్పుడు చేపలు కావాలని నువ్వు ఎంత ఏడ్చినా వద్దన్నాడని ఇప్పటికీ అంటుంటావట. వాడిది పిసినారితనం కాదు తల్లీ.

అందుకని నేను చెప్పినట్టు చెయ్యి. వైరును పంపులోకి దిగే చోటు నుంచి ప్లగ్గు దాకా వేళ్ల మధ్య మెల్లగా జార్చు. అంగుళం అంగుళం వంచి చూడు, పగులు ఉంటే నోరు తెరుస్తుంది. టేపు కనిపించినా, గోరుకు గీత తగిలినా, పంపు మెడ దగ్గర వైరు కదిలినా అది నీళ్లలోకి పోకూడదు. చీలిక నీళ్లకు పైన ఉన్నా అంతే, తడి పైపొర లోపల్నుంచే కిందకి పాకుతుంది. వైరు మార్పిద్దామంటావేమో. కాయిల్‌తో కలిపి ఎపాక్సీలో, అంటే రాయిలా గట్టిపడే జిగురులో, పోతపోసేస్తారు, విప్పి చుట్టడం కుదరదు.

వైరు బాగుందనిపిస్తే దగ్గర్లో మోటార్ వైండింగ్ షాపుకు తీసుకెళ్లు. చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో పంపును కొన్ని గంటలు నాననిచ్చి, ప్లగ్గు పిన్నులు రెండూ కలిపి, ఆ పిన్నులకూ నీళ్లకూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే పైపొర గుండా కరెంటు కారుతుందేమో కొలిచే మీటరుతో, చూడమను. బాగున్న పంపుకి పదులు, వందల మెగ్ ఓములు చూపిస్తుంది. 2 కన్నా తక్కువ చూపిస్తే ఇంటికి తేకు. మల్టీమీటర్‌తో చూశానని చెప్పకు. చిన్న బ్యాటరీ వోల్టేజితో చూసే మీటరు, 230 వోల్టులకు ఏమవుతుందో చెప్పలేదు.

నీ గది బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో ఓనర్‌ని అడుగు. అది కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కట్ చేసే రకం ఉండాలి. లేకపోతే పెట్టించు, డబ్బులు నేనిస్తాను, మొహమాటపడకు. వైరు ప్లగ్గులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు వేలాడనివ్వు, జారిన నీటి చుక్క అక్కడే కింద పడుతుంది. నీళ్లు లేకుండా క్షణం కూడా తిప్పకు, దానికి చల్లదనమూ జారుడూ నీళ్లే. చెయ్యి పెట్టే ముందు స్విచ్చు ఆపితే సరిపోదు, పాత ఇళ్లలో స్విచ్చు కరెంటు వచ్చే తీగ మీద కాక, తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ మీద ఉండటం నేను చాలాసార్లు చూశాను, అప్పుడు ఆపినా పంపు దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. ప్లగ్గు పీకి, నీకు కనిపించేలా బల్ల మీద పెట్టుకో. పంపును వైరు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకు.

నీ మీద నమ్మకం లేక ఇంత రాయలేదు. ఆరో తరగతిలో నా షాపులో కూర్చుని మిక్సీ బుష్షు నువ్వే మార్చావు, గుర్తుందా? వచ్చినవాళ్లందరికీ అది చూపించుకునేవాణ్ణి.

రేపు లేబుల్ ఫోటో ఒకటి, వైరు పంపులోకి దిగే చోట దగ్గరగా తీసిన ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపు. నేను చూసి చెప్పేదాకా ప్లగ్గు పెట్టకు. పనికిరాదంటే కొత్త పంపు డబ్బులు వెంటనే వేస్తాను. పాతదాని ఇంపెల్లర్, బుష్షులు మాత్రం పారేయకు, ఎప్పుడైనా స్పేరుగా పనికొస్తాయి.

ఇట్లు
మీ పెదనాన్న