పిలుపు బంద్ పెడితే ఓటు మారుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది మహారాష్ట్రల సిరొంచ తాలూకా. అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఊరంతా ఒక దిక్కుంటే మా అన్న ఇంకో పార్టీకి తిరిగిండు. అప్పటి సంది కులపెద్దలు మా ఇంటికి పిలుపు బంద్ పెట్టిన్రు. పెళ్లికి గాని దినాలకు గాని మమ్ముల పిలిస్తే 5 వేలు దండుగ కట్టాల్నట. మా చిన్నమ్మ గూడ చీకటి పడ్డంక వచ్చి పోతున్నది. అన్న మాట్లాడుడే తక్కువ జేసిండు. కేసు పెడితే ఊరితోని పూర్తిగ తెగిపోతదని అమ్మ భయం. ఏం చెయ్యాలె?

జవాబు: ముందు మీ అన్న సంగతి. మాట తగ్గితే అలిగాడని అనుకోకండి. వెలి మీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ ప్రకారం, నలుగురిలో ఒకడినన్న భావన, ఆత్మగౌరవం, తన బతుకు తన చేతిలో ఉందన్న ధీమా, తానున్నట్టు లోకం గుర్తిస్తోందన్న నమ్మకం, ఈ నాలుగూ ఒక్కసారే దెబ్బతింటాయి. కంప్యూటర్లో బంతి విసురుకునే ఆటలో ముక్కూ మొహం తెలియనివాళ్లు కొద్ది నిమిషాలు బంతి ఇవ్వకపోతేనే మనిషి నొచ్చుకుంటాడని ఆయన ప్రయోగాల్లో తేలింది. ఇక్కడ మొహం తిప్పుకుంటున్నది పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లు. వెలి ఎక్కువకాలం సాగితే కోపం కూడా ఆరిపోయి మనిషి ముడుచుకుపోతాడు. అందుకని రోజుకు ఒక్కరైనా ఎన్నికల ఊసెత్తకుండా, పంట గురించో పిల్లల గురించో అతనితో కూర్చుని మాట్లాడాలి. మీ చిన్నమ్మ రాకను ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి.

ఇక చట్టం. మరాఠీలో ‘వాళీత్ టాకణె’ అనే ఈ పద్ధతిని నేరంగా ప్రకటిస్తూ మహారాష్ట్ర తెచ్చిన సామాజిక బహిష్కరణ నిషేధ చట్టం 2016 నాటిది, 2017 జూలై నుంచి అమల్లో ఉంది. ఒకే కులం, మతం వాళ్లు తమలో ఒకరిని వెలివేయడం దీని కిందికి వస్తుంది. రాజకీయ మొగ్గును బట్టి వివక్ష చూపడాన్ని కూడా చట్టం లెక్కలోకి తీసుకుంది. కాబట్టి ‘ఇది పార్టీ గొడవ, కులం గొడవ కాదు’ అని ఎవరైనా తోసిపుచ్చితే ఒప్పుకోకండి. శిక్ష 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బాధితుడే కాదు, ఇంట్లో ఎవరైనా పోలీసులకు గాని, నేరుగా మేజిస్ట్రేట్‌కు గాని ఫిర్యాదు చేయవచ్చు. ఇది మహారాష్ట్ర చట్టం, ప్రాణహిత దాటి తెలంగాణలోకి వస్తే పనిచేయదు. అయితే దేశమంతటికీ వర్తించే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకటుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఓటరును కులం నుంచి వెలివేస్తామని బెదిరించడాన్ని అందులోని 123వ సెక్షన్ అవినీతి చర్యగా పేర్కొంది.

ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది రాతలోనే. ‘మమ్మల్ని వెలివేశారు’ అని ఒక్క వాక్యం రాస్తే పోలీసులకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఏ తేదీన, ఎవరి ఇంటి ముందు సభ జరిగింది, దండుగ మాట ఎవరి నోటి నుంచి వచ్చింది, విన్నవాళ్లెవరు, ఆ తర్వాత ఏ పెళ్లికి పిలుపు ఆగింది, ఎవరైనా దండుగ కడితే ఎవరి చేతికిచ్చారు, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో జరిగిన రోజునే రాయండి. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్లో కూడా దాచండి. రెండో పొరపాటు కోపంలో ఊరందరి పేర్లూ రాయడం. నిర్ణయం చేసినవాళ్ల పేర్లే రాయండి. దండుగకు భయపడి మౌనంగా ఉన్నవాళ్లను నిందితుల్లో చేరిస్తే రేపు మీకు సాక్షులే మిగలరు, పైగా మీకు మళ్లీ కావలసింది ఆ మనుషులే.

మీ అమ్మగారి భయం నిజమైనదే. అందుకే ఫిర్యాదు కాగితం సిద్ధం చేసుకుని, ప్రాణభయం లేనంతవరకు 2, 3 వారాలు ఇంకో ప్రయత్నం చేయండి. సభ పెట్టమని అడగొద్దు. పదిమందిలో చెప్పిన మాటను పదిమందిలో వెనక్కి తీసుకోవడం ఏ పెద్దమనిషికైనా కష్టం. పెద్దల్లో మెత్తగా ఉండే ఒకరి ఇంటికి, ఇద్దరికీ కావలసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. ‘మా అన్న తప్పు చేయలేదని ఒప్పుకోండి’ అంటే తలుపు మూసుకుంటుంది. ‘దండుగ మాట తీసేయండి, పిలవడం పిలవకపోవడం ఎవరిష్టం వారిది’ అని అడగండి, అంతే చాలు. దండుగ పోయిన రోజున సగం ఊరు దానంతటదే పలకరిస్తుంది. వేసవిలో తునికాకు కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టేటప్పుడు పక్కపక్కన కూర్చోక తప్పదు, మాట కలపడానికి అది పెద్దల సభ కన్నా మంచి చోటు. గడువు దాటినా కదలిక లేకపోతే కాగితం ఇచ్చేయండి. ఇచ్చాక కూడా బాధితులు ఒప్పుకుంటే, కోర్టు అనుమతితో రాజీకి ఆ చట్టంలో వీలుంది. కేసు అంటే తెగతెంపులు కాదని అమ్మగారికి ఈ ముక్క చెప్పండి.

ప్రశ్న: మాది జివతి తాలూకాల రెండు రాష్ట్రాలూ మాదే అనే ఊరు. 2024ల ఏప్రిల్ 19న చంద్రపూర్ ఓట్లు, మే 13న ఆదిలాబాద్ ఓట్లు, రెండుసార్లు కొట్లాట. నేను తెలంగాణ అంటా, మా దోస్తు మహారాష్ట్ర అంటడు. ఇప్పుడు చాయ్ దగ్గర కలిసినా లేచి పోతుండు. ఆయన మనసు అర్థం చేసుకోవాల్నని ఉన్నది, ఎట్ల?

జవాబు: చాయ్ దుకాణం వదిలేయండి. చూసేవాళ్లుంటే ఇద్దరూ గెలవడానికే మాట్లాడతారు. పొలం దారిలో ఇద్దరే ఉన్నప్పుడు అరగంట తీసుకోండి. ‘ఎందుకట్ల అంటవు?’ అనొద్దు, అది సంజాయిషీ అడిగినట్టుంటుంది. ‘ఇట్ల అనిపించుడు ఎప్పటి సంది?’, ‘మీ ఇంట్ల దేనికి తిప్పలైంది?’ అని అడగండి. ఒకరికి పట్టా, ఒకరికి పింఛను, ఇంకొకరికి పిల్లల చదువు ఏ భాషలో సాగుతుందన్న బెంగ ఉంటుంది. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఆయన ‘అవును, గదే’ అనేదాకా మీ వంతు రాలేదనుకోండి. వచ్చాక లెక్కలు, వాదాలు కాకుండా మీ ఇంట్లో జరిగిన ఒక్క సంగతి చెప్పి ఆపండి.

2016లో అమెరికాలోని మయామీ ఇళ్ల గడపల్లో జరిగిన అధ్యయనంలో, ఇలా ఇంచుమించు 10 నిమిషాలు అడుగుతూ వింటూ సాగిన సంభాషణ ట్రాన్స్‌జెండర్ల పట్ల వ్యతిరేకతను తగ్గించింది, 3 నెలల తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది. అది ఒక సమూహం మీద ఉన్న చిన్నచూపు విషయం. మీ దోస్తు రాష్ట్రం మార్చుకుంటాడని ఆశపెట్టుకోకండి, లేచిపోకుండా కూర్చుంటే అదే ఫలితం. ఇంకో మాట. జాలిగుండె ఉంటే చాలదు. 2020లో అమెరికాలోనే వెలువడిన మరో పరిశోధనలో, ఎదుటివారి బాధకు ఎక్కువగా కరిగే మనుషుల్లోనే పార్టీల పట్టింపు ఎక్కువగా కనిపించింది, ఎందుకంటే ఆ కరుణ ముందుగా తమవాళ్ల వైపే పారుతుంది. అందుకే ఆయన మనసులో ఏముందో ఊహించొద్దు, అడగండి.

ప్రశ్న: ధర్మాబాద్ నుంచి రాస్తున్న. మా చుట్టాల వాట్సాప్ గ్రూపుకు నేనే అడ్మిన్. మా బావ రోజుకు పది పార్టీ వీడియోలు పెడుతుండు, మొన్న వేరే కులపోళ్లను తిట్టిన వీడియో పెట్టిండు. తీసేస్తే వెలివేసినట్టేనా?

జవాబు: వీడియోలు వేరు, తిట్లు వేరు. పార్టీ వీడియోలకు ఇంకో గ్రూపు తెరిచి, ఇష్టమున్నవాళ్లను చేరమనండి. ఈ నియమం మీకు నచ్చిన పార్టీ వీడియోలకూ వర్తించాలి, లేకపోతే మొదటి రోజే ఎత్తిచూపుతారు. కులం పేరుతో తిట్టినప్పుడు మాత్రం ఊరుకోవద్దు. గ్రూపులో నిలదీయకుండా ఫోన్ చేసి, ‘బావా, ఆ వీడియో తీసెయ్, మళ్లొకటి వస్తే గ్రూపు నుంచి తీసేస్త’ అని కారణంతో సహా చెప్పండి. మళ్లీ పెడితే తీసేయండి. అది హద్దు. మీరు ఆయనతో మాట్లాడకపోయినా మీ ఇష్టం. అక్కను, పిల్లలను కూడా దూరం పెట్టమని మిగతావాళ్లకు ఫోన్లు చేస్తే అది వెలి. తీసేసిన వారంలోపు ఇంట్లో శుభకార్యం ఉంటే కార్డు కొరియర్‌లో పంపకుండా మీరే వెళ్లి బావ చేతికివ్వండి.