వైకింగుల బంగారు నగలు వాళ్లే చేశారా, దోచుకొచ్చారా?

రెండూ ఉన్నాయండి. వెయ్యేళ్ల కిందట ఉత్తర ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చి దోచుకునే ఈ వైకింగులకి అంత నాజూకు పని ఎలా వస్తుందని అడిగారు. దోచేవాడు వేరు, పట్టెడ ముందు కూర్చుని నగ చేసేవాడు వేరు.

నార్వేలోని హోన్‌లో 1834లో దొరికిన నిధిలో సుమారు రెండున్నర కిలోల బంగారం ఉంది. అందులో బయటి సరుకు బాగానే కనిపిస్తుంది. అరబ్బు, బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) నాణేలకు కొక్కేలు అతికి లాకెట్లు చేసుకున్నారు, మన కాసులపేరులాగా.

హిడెన్సే నిధి సంగతి వేరు. 1870లలో ఈ బాల్టిక్ దీవిలో బయటపడింది, ఇప్పుడు జర్మనీలో స్ట్రాల్‌సుండ్ మ్యూజియం సొత్తు. 10వ శతాబ్దపు పని. కంటె, బ్రోచ్, శిలువలాంటి లాకెట్లు, అన్నీ కలిపి 16. బరువు 600 గ్రాముల లోపే, అంటే మన షాపుల లెక్కలో 60 తులాలు. మాది కంసాలి ఇల్లు, చిన్నప్పుడు నాన్న పక్కన ఊదుగొట్టం పట్టినవాణ్ణి. అద్దంలోంచి ఆ లాకెట్లు చూస్తూ నాకు తట్టిన మాట ఒక్కటే: బంగారం తక్కువ, పని ఎక్కువ.

ముందు పల్చటి రేకును కంచు అచ్చు మీద అదిమి బొమ్మ తేల్చారు. ఆ గట్ల వెంబడి పూసలు గుచ్చినట్టు నొక్కులున్న సన్న తీగె, దాని పక్కన ఆవగింజకన్నా చిన్న గుండ్లు. గుండు చేయడం కష్టం కాదు. తీగె ముక్క బొగ్గు మీద పెట్టి ఊదితే కరిగి దానంతటదే గుండ్రబడుతుంది. అసలు టెన్షన్ అతికేటప్పుడే. టంకం కాస్త ఎక్కువైతే తీగె నొక్కులు పూడిపోతాయి, మంట ఒక్క క్షణం ఎక్కువైతే రేకే కుంగిపోతుంది. ఆ లాకెట్లలో నొక్కులు ఇప్పటికీ విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

ఇది దోపిడీ సొమ్ము కాదనడానికి గట్టి ఆధారం హెడెబీలో ఉంది. ఆ వైకింగ్ పట్టణపు రేవు అడుగున 40 దాకా కంచు అచ్చులు ఒకేచోట దొరికాయి. వాటిలో హిడెన్సే తరహా లాకెట్లకు పనికొచ్చేవీ ఉన్నాయి. అచ్చులున్నాయంటే పనివాడు అక్కడే ఉన్నట్టు కదా.

అన్నట్టు, ఆ కాలంలో వాళ్ల దగ్గర వెండే ఎక్కువ, బంగారం పెద్దింటివాళ్లకే.

మీరు రెప్లికా కొనేట్టయితే గుండ్ల అడుగు చూడండి. అతికినదైతే గుండు రేకును ఒక్క చుక్క దగ్గరే తాకుతుంది. పోత పోసినదైతే అడుగంతా రేకులో కలిసిపోయి బొడిపెలా ఉంటుంది.