షా పేట గురించి రాస్తున్న చెల్లికి

చెల్లీ,

వాషింగ్టన్ డీసీలో ఒకప్పుడు నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న షా పేట మీద నీ చిత్తుప్రతి చదివాను. "కాలంతో పాటు పేట మారిపోయింది" అన్న మొదటి వాక్యం తీసెయ్. పేట దానంతటది మారలేదు. ఎవరెవరు మార్చారో కాగితాల మీదే ఉంది.

దగ్గర్లోని బ్లూమింగ్‌డేల్‌లో నల్లజాతివాళ్లకు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్నారు. అక్కడి బ్రయంట్ వీధి కేసులోనే, అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తేల్చింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత చెలరేగిన అల్లర్లలో ఏడో వీధి, పద్నాలుగో వీధి తగలబడి ఏళ్ల తరబడి పాడుబడ్డాయి. 1991లో మెట్రో వచ్చింది. స్థలం చవకవడానికీ తర్వాత ఖరీదెక్కడానికీ కారణాలు ఈ వరసలోనే ఉన్నాయి. ఇదంతా వదిలేసి కాఫీ షాపులతో మొదలుపెడితే తప్పంతా కాఫీ తాగేవాళ్లదే అనిపిస్తుంది.

డీసీ జనాభాలో నల్లజాతివాళ్లు 1970లో 71 శాతం, 2020లో దాదాపు 41. కానీ శాతం ఒక్కటే రాయకు. కొత్త అపార్ట్‌మెంట్లలోకి వెయ్యిమంది దిగితే, పాతవాళ్లు ఒక్కరూ కదలకపోయినా శాతం పడిపోతుంది. పక్కనే తలల లెక్క కూడా ఇవ్వు. జిప్‌కోడ్ వద్దు, సెన్సస్ ట్రాక్టు, అంటే జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతం, తీసుకో. ఒక్కోదానిలో సుమారు 4,000 మంది ఉంటారు. పదేళ్లకోసారి హద్దులు మారుతుంటాయి, పటాలు పక్కపక్కన పెట్టి సరిచూసుకో.

సొంతింటివాళ్లనీ అద్దెవాళ్లనీ ఒకే గాట కట్టకు. సొంతిల్లున్నవాళ్లు మంచి ధరకు అమ్ముకుని పక్కనే మేరీలాండ్‌లో ఉన్న ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి వెళ్లి ఉండొచ్చు. అద్దెవాళ్లకు చేతికొచ్చేది నోటీసు. భవనం అమ్మకానికి పెడితే అందులో ఉంటున్నవాళ్లకు కొనుక్కునే అవకాశమివ్వాలని డీసీలో 1980లో చట్టం తెచ్చారు. అయిదు లేదా అంతకుమించి వాటాలుంటే వాళ్లు సంఘం పెట్టుకోవాలి. కాబట్టి "బాధగా ఉందా?" అని అడక్కు. నోటీసు ఏ తారీఖున వచ్చింది, సంఘం పెట్టారా, గడువులోగా అప్పు పుట్టిందా అని అడుగు.

నీ చిత్తులో లేనిది ఒకటుంది. ఏడో వీధి, ఫ్లోరిడా ఎవెన్యూ మూలన సెల్‌ఫోన్ల దుకాణం బయట స్పీకర్‌లో ఏళ్లుగా గో-గో పాటలు, అంటే డీసీలోని నల్లజాతివాళ్లలో పుట్టిన సంగీతం, మోగేవి. 2019లో కొత్త భవనం నుంచి ఫిర్యాదు వెళ్లింది, పాట ఆపించారు. జనం వీధిలోకొచ్చి వాయించారు, త్వరలోనే స్పీకర్ మళ్లీ మోగింది. మరుసటి ఏడాదే గో-గో డీసీ అధికారిక సంగీతమైంది. ఇల్లు ఖాళీ చెయ్యకపోయినా పేట చేజారుతుందని ఇంతకన్నా స్పష్టంగా చూపలేవు. దీనికి రెండు పేజీలు కేటాయించు.

అమెరికాలో ఉద్యోగానికి దగ్గరని మనవాళ్లూ చాలామంది అలాంటి కొత్త భవనాల్లోనే అద్దెకు దిగుతారు. నువ్వుండేదీ అలాంటిదే అయితే ఆ సంగతి, కట్టే అద్దెతో సహా, వ్యాసంలోనే రాయి.

ముందు ట్రాక్టుల పట్టిక చేసి పంపు. వాక్యాల సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
అన్నయ్య